ఇంటిముంగిటి టర్బోబండి

గడచిన ధనుర్మాసమున మార్కాపురములోని మా వసారా కమ్మరికొలిమి యయ్యెను. నా కుమారుఁడు పాత టర్బోకారు నొకదానిని గొనితెచ్చి విప్పఁ గడంగెను. యంత్రము విడుచు పొగవేగమే చిన్నచక్రమును ద్రిప్పును. అది గాలిని నొక్కి సిలిండరులలోనికిఁ ద్రోయును. గాలి హెచ్చినకొలఁది యింధనమును హెచ్చుగా మండి బలము పెరుఁగును. స్విట్జర్లాండువాసి ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లోనే దీనికిఁ బేటెంటు పొందెను. వ్యర్థమునకుఁ బని కల్పించిన యీ యుపాయము వ్యాకరణము దప్ప నెఱుఁగని నాకును ముచ్చట గొలిపెను.

మావాఁడు గాలియొత్తిడిని మఱింత పెంచఁ దలఁచెను. “నాయనా, గిద్దలూరునుండి నంద్యాలకుఁ బోవు నల్లమల కనుమదారిలో నీకు వేగము చాలకపోయెనా?” యని యడిగి, ముందు బ్రేకులు చూపు మంటిని. చక్రము లూడఁదీయఁగా బ్రేకుప్యాడులు కాగితమువలె నరిగి యుండెను. వాని ముఖము వెలవెలఁబోయెను. వారము క్రిందటనే తల్లిని గూర్చుండఁబెట్టుకొని యా కనుమ దిగి వచ్చినవాఁడు! దాఁచిన సొమ్ము బ్రేకులకే చెల్లెను. టర్బో యథాపూర్వముగనే యున్నది.