విదేశాల్లో ఇంగ్లీషు బోధన: ప్రైవేటు భాషా సంస్థా, విశ్వవిద్యాలయమా?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల్లూరు తీరంలోని మన ఇళ్లకు గల్ఫ్ కొత్త కాదు. డ్రైవర్లుగా, టైలర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా, ఇళ్లలో పనికి ఎంతోమంది వెళ్లారు. వాళ్లు పంపిన డబ్బుతోనే తర్వాతి తరం బడికి వెళ్లింది. ఆ తరంలో కొందరు ఇప్పుడు ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఇడి. చేసి ఉపాధ్యాయులుగా అదే గల్ఫ్‌కు పోతామంటున్నారు. రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు గట్టున చూడండి: చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టెతో పాటు విదేశీ రొట్టె కోసం అడిగేవాళ్లు ఎంతమందో.

ఆ కోరికలో తప్పు లేదు. 2018 నోటిఫికేషన్ తర్వాత మన రాష్ట్రంలో మళ్లీ పెద్ద డీఎస్సీ ద్వారా నియామకాలు జరిగింది 2025లోనే. 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చిందని సంతోషించాం గానీ, మధ్యలో ఏడేళ్లు బి.ఇడి. పిల్లలు ప్రైవేటు బళ్లలో చాలీచాలని జీతాలకు పనిచేస్తూ వయసు దాటించుకున్నారు. అటువంటి పిల్లకో పిల్లవాడికో రియాద్ నుంచో మస్కట్ నుంచో ఒక ఆఫర్ లెటర్ వస్తే ఇల్లంతా పండుగే. ఆ వెంటనే సొసైటీకి ఒక అర్జీ వస్తుంది: వీసా ఖర్చులకు సాయం చేయండి అని.

ఆ అర్జీ మీద సంతకం పెట్టే ముందు మనం ఏం చూడాలి? ఈ పూట మేం చెప్పదలచింది అదొక్కటే.

ఇంగ్లీషు చెప్పేవాళ్లకు అక్కడ ముఖ్యంగా రెండు దారులు. ఒకటి ప్రైవేటు భాషా శిక్షణ సంస్థ. ఉద్యోగస్తులకు, కాలేజీ పిల్లలకు, కంపెనీ సిబ్బందికి ఫీజు తీసుకుని ఇంగ్లీషు నేర్పుతుంది. రెండోది విశ్వవిద్యాలయం. సౌదీలో చాలా విశ్వవిద్యాలయాల్లో చేరిన పిల్లలకు మొదటి ఏడాది సన్నాహక సంవత్సరం ఉంటుంది. అందులో ఇంగ్లీషుదే పెద్ద వాటా. అందుకే అక్కడ ఇంగ్లీషు అధ్యాపకుల అవసరం ఎక్కువ. మన సీబీఎస్ఈ సిలబస్‌తో నడిచే ఇండియన్ స్కూళ్లు మూడో దారి. బి.ఇడి. సరిగ్గా అక్కరకొచ్చేది అక్కడే. దాని గురించి మరోసారి మాట్లాడుకుందాం.

మొదట జీతం. మన తీరంలో రొయ్యల చెరువులున్న దాతలు చాలామంది ఈ సభలో ఉన్నారు. కేజీ ధర విని ఏ రైతూ సంబరపడడు. సీడు, మేత, కరెంటు, జబ్బు అన్నీ తీసేశాక చేతికి ఎంత వచ్చిందో చూస్తాడు. ఉపాధ్యాయుని జీతాన్నీ అలాగే చూడాలి. ఒక లెక్క వేసుకుందాం. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే. భాషా సంస్థ నెలకు 5,000 రియాళ్లు ఇస్తానంది. వేసవి రెండు నెలలు జీతం లేదు, ఇల్లు మనమే చూసుకోవాలి. పది నెలలకు 50,000. అద్దె నెలకు 1,500 చొప్పున పన్నెండు నెలలకు 18,000, రాకపోకలకు 4,000, విమానం టికెట్టుకు 2,000 పోగా మిగిలేది 26,000. విశ్వవిద్యాలయం 4,500 మాత్రమే ఇస్తానంది. కానీ పన్నెండు నెలలూ జీతం, ఉండటానికి ఇల్లు, ఏటా టికెట్టు వాళ్లవే. 54,000లో రాకపోకలకు 4,000 పోతే 50,000 మిగిలాయి. తక్కువ జీతమే దాదాపు రెట్టింపు మిగిల్చింది. తిండి ఖర్చు రెండు చోట్లా ఒకటే.

రెండోది పని గంటలు. భాషా సంస్థకు విద్యార్థులు వచ్చేది ఆఫీసులు, కాలేజీలు వదిలాక. కాబట్టి పొద్దున కొన్ని తరగతులు, మళ్లీ రాత్రి దాకా కొన్ని. మధ్యలో గదికి వెళ్లి పడుకోలేరు, కూర్చుని చదువుకోలేరు. విశ్వవిద్యాలయంలో తరగతులు పగటిపూటే. సాయంత్రం పీహెచ్‌డీకో, మరో పరీక్షకో చదువుకునే వీలుంటుంది. పదేళ్ల తర్వాత మనిషి ఎక్కడ ఉంటాడన్నది చాలావరకు ఆ సాయంత్రాలే తేలుస్తాయి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం: యజమాని ఎవరు? ఆఫర్ లెటర్‌లో విశ్వవిద్యాలయం పేరు ఉన్నంత మాత్రాన అది విశ్వవిద్యాలయ ఉద్యోగం కాదు. సన్నాహక సంవత్సరం బోధనను కొన్ని విశ్వవిద్యాలయాలు ప్రైవేటు కంపెనీలకు కాంట్రాక్టుకు ఇచ్చాయి. అప్పుడు పాఠం చెప్పేది విశ్వవిద్యాలయం గదిలోనే అయినా, జీతం ఇచ్చేదీ, ఇఖామా తీసేదీ కంపెనీయే. ఆ కంపెనీ కాంట్రాక్టు వచ్చే ఏడాది కొనసాగకపోతే ఉపాధ్యాయుని ఉద్యోగం కూడా పోతుంది. కాబట్టి కాగితం చేతికి రాగానే ముందు చూడాల్సింది జీతం అంకె కాదు. వీసా ఎవరి పేరు మీద ఉంది? అందులో వృత్తి ఉపాధ్యాయుడు అని రాసుందా, ఇంకేదైనా రాసుందా? ఆ తర్వాతే తక్కిన విషయాలు.

సర్వీసు చివర వచ్చే డబ్బు కూడా ఇందులో భాగమే. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ప్రైవేటు ఉద్యోగికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ పైన ఏడాదికి నెల జీతం చొప్పున రావాలి. కానీ తానే రాజీనామా చేస్తే రెండేళ్లలోపు ఏమీ రాదు. రెండు నుంచి ఐదేళ్ల లోపైతే మూడో వంతే. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో విదేశీయులకు వేరే నిబంధనలు ఉంటాయి. 'అక్కడ నచ్చకపోతే వచ్చేస్తాంలే' అనుకుని వెళ్లేవాళ్లకు ఈ లెక్క ముందే తెలిసి ఉండాలి.

ఇక్కడ ఇంకో సంగతి. పదో తరగతి పాసైనవాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. అది మనకు గౌరవంగా కనిపిస్తుంది. కానీ చదువురాని కూలీ గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు ప్రభుత్వం కాంట్రాక్టును ఒకసారైనా చూస్తుంది, ఎం.ఏ. చదివిన ఉపాధ్యాయుని కాంట్రాక్టును ఎవరూ చూడరు. చదువుకున్నాడు కదా, తానే చదువుకుంటాడని లెక్క. కొలువు మోజులో ఉన్న ఇరవై ఐదేళ్ల పిల్లవాడు ఎనిమిది పేజీల కాంట్రాక్టును ఎంత నిదానంగా చదువుతాడో మనకు తెలుసు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షల్లో అడిగాడంటే అక్కడే ఆగిపోవాలి. తల్లి గాజులు తాకట్టు పెట్టే ముందే ఆ మాట చెప్పేవాళ్లు ఇంటికి ఒకరు ఉండాలి.

విశ్వవిద్యాలయం అనగానే అంతా క్షేమమనీ కాదు. లిబియాలోని సిర్త్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయులను 2015 జూలైలో సాయుధులు పట్టుకుపోయారు. ఇద్దరు రెండు రోజుల్లో విడుదలయ్యారు. తెలుగువాళ్లైన మిగతా ఇద్దరు బయటపడింది 2016 సెప్టెంబరులో. అదే 2015లో యెమెన్ నుంచి మన ప్రభుత్వం ఆపరేషన్ రాహత్ పేరుతో 4,600 మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చింది. ఉద్యోగం మంచిదైనంత మాత్రాన దేశం నిలకడగా ఉందని కాదు. రెండూ విడివిడిగా చూసుకోవాలి.

మరి భాషా సంస్థ అసలు పనికిరాదా? అలా అనలేం. డిగ్రీ మాత్రమే ఉన్నవాళ్లను విశ్వవిద్యాలయాలు సాధారణంగా తీసుకోవు. పీజీ అడుగుతాయి, అనుభవం అడుగుతాయి. పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెప్పిన అనుభవం మన బళ్లలో దొరకదు, భాషా సంస్థలో దొరుకుతుంది. మంచి సంస్థ అయితే కొత్త పద్ధతులూ నేర్పుతుంది. కాకపోతే అది మెట్టు, మిద్దె కాదు. రెండేళ్లని ముందే నిర్ణయించుకుని, ఆ రెండేళ్లలో ఏ అర్హత సంపాదించాలో రాసుకుని వెళ్లినవాళ్లకు అది మేలు చేస్తుంది. గడువు లేకుండా వెళ్లినవాళ్లకు ఏళ్లు గడుస్తాయి, చేతిలో సర్టిఫికెట్టు మాత్రం పెరగదు. తిరిగొచ్చేసరికి డీఎస్సీ వయసూ దాటిపోతుంది.

మన పిల్లలకు ఉన్న ఒక బలం చెప్పాలి. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు, మదర్సాలో అరబీ అక్షరాలు. అరబీలో 'ప' లేదు, 'వ' పలుకు కూడా ఇంగ్లీషులో ఉన్నట్టు ఉండదు. అందుకే అక్కడి విద్యార్థి 'పార్కింగ్'ను 'బార్కింగ్' అంటాడు. ఎందుకంటున్నాడో ఆ అక్షరాలు దిద్దిన ఉపాధ్యాయునికి చప్పున తెలుస్తుంది. కుడి నుంచి ఎడమకు రాసే చేతికి ఎడమ నుంచి రాయడం ఎంత కష్టమో కూడా తెలుస్తుంది. మన పిల్లలకు ఇది పుట్టింటి ఆస్తి. కానీ ఆస్తికి పట్టా ఉండాలి గదా! ఆ పట్టాయే శిక్షణ సర్టిఫికెట్టు.

అది దూరంగా లేదు. 1958లో హైదరాబాద్‌లో మొదలై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయంగా మారిన ఇఫ్లూ ఇంగ్లీషు బోధనలో పీజీ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు నడుపుతోంది. కేంబ్రిడ్జి వారి సెల్టా ఉంది. 120 గంటల కోర్సు, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పి చూపించాలి. కాకుటూరులో మన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉంది. పీజీలో 55 శాతం ఉంటే నెట్ రాయొచ్చు. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 50 చాలు. ఈ మెట్లన్నీ ఇక్కడే ఎక్కి వెళితే విశ్వవిద్యాలయం తలుపు నేరుగా తట్టవచ్చు.

ఆడపిల్లల మాట ప్రత్యేకంగా చెబుతున్నాం. సౌదీ విశ్వవిద్యాలయాల్లో అమ్మాయిలకు విడి విభాగాలు ఉన్నాయి, వాటిలో బోధించడానికి మహిళా అధ్యాపకులు కావాలి. రియాద్‌లోని ప్రిన్సెస్ నూరా విశ్వవిద్యాలయం పూర్తిగా ఆడపిల్లలదే. మన దగ్గర ఎం.ఏ. వరకు చదివిన ఆడపిల్లలు ఉన్నారు. చాలామంది చదువు పెళ్లి పత్రిక మీద పేరు పక్కన అక్షరాలుగా మిగిలిపోతోంది. భర్త అక్కడ పనిచేస్తూ భార్య ఖాళీగా ఉన్న ఇళ్లు మనలో తక్కువేమీ కావు. ఒక్క సర్టిఫికెట్టు ఆ ఇంటి లెక్కనే మార్చవచ్చు.

ఇక దాతలకు మా మనవి మూడు ముక్కల్లో.

వీసా ఖర్చుకు ఇచ్చే సాయాన్ని ముందుగా అర్హతకు మళ్లించండి. జకాత్ ఏ పద్దుకు చెల్లుతుందో ఉలమాలు చెబుతారు. మేం అడిగేది ఖర్జె హసనాగా ఇవ్వమని. కోర్సు ఫీజు వడ్డీ లేకుండా ఇద్దాం. ఉద్యోగం వచ్చాక వాయిదాల్లో తిరిగి కట్టిన డబ్బు ఇంకో పిల్లకు ఫీజు అవుతుంది. ఏజెంటుకు ఇచ్చిన డబ్బు మళ్లీ తిరిగి రాదు.

కాంట్రాక్టు చదివి పెట్టే ముగ్గురిని సొసైటీ నియమించాలి: అక్కడ పనిచేసి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు, ఒక వకీలు, ఒక ఆడిటర్. వాళ్లు చదివి చెప్పేదాకా ఎవరూ సంతకం పెట్టవద్దు, ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వవద్దు. దీనికి పైసా ఖర్చు లేదు, నెలకో ఆదివారం చాలు.

తిరిగొచ్చినవాళ్లను వదలకండి. పదేళ్లు విశ్వవిద్యాలయంలో చెప్పిన మనిషి ఊళ్లో ఇల్లు కట్టుకుని కూర్చుంటే మనకే నష్టం. వారానికి రెండు గంటలు మన పిల్లలకు చెప్పమని అడుగుదాం. అడిగితే కాదనేవాళ్లు మనలో తక్కువ.

దాతలిచ్చే ప్రతి రూపాయీ అమానత్. అది ఏజెంటు జేబులో ఆగిపోకుండా ఒక ఉపాధ్యాయుని చేతి పనితనంగా మారితే, ఆ పిల్లవాడు నెల్లూరులో ఉన్నా జిద్దాలో ఉన్నా ఆ పనితనం వాడి దగ్గరే ఉంటుంది. అల్లాహ్ మన పిల్లల చదువుల్లో, మీ దానాల్లో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.