తొలకరి వాసన – బాల్యస్మృతి



వేసవి కడపట బీటలు వారిన చేలపై తొలకరి జల్లు పడగానే లేచు మట్టివాసన నెరుగని కర్షకుడు లేడు. ఆ వాసన సోకినంతనే అరుగుమీది వృద్ధుడు క్షణకాలము ఆరేండ్ల బాలుడగును. చూరునీటిలో విడిచిన కాగితపు పడవయు, అరచేత పెట్టుకొని చూచిన ఆరుద్రపురుగు మెత్తదనమును, తడియవద్దని తల్లి వేసిన కేకయు పిలువకయే వచ్చి నిలుచును. ఇన్ని యేండ్లు ఇవి యెచ్చట దాగియుండెను?

తర్కసంగ్రహకర్త యగు అన్నంభట్టు ఆంధ్రుడు. అనుభవము ఆత్మయందు విడిచిపోయిన ముద్ర సంస్కారమనియు, ఆ ముద్రనుండి కలుగు జ్ఞానమే స్మృతి యనియు ఆయనవంటి తార్కికుల మతము. సంస్కారము గాదెలోని విత్తనమువలె నిదురించుచుండును. దానిని మేల్కొలుపు నిమిత్తమునకు ఉద్బోధకమని పేరు. గంధము పృథివికి విశేషగుణమని చెప్పినవారును ఆ తార్కికులే. కనుక తొలకరినాడు భూమియే తన గుణముచేత మానవుని బాల్యమును మేల్కొలుపుచున్నదని తేలును.

శబ్దమునకును ఈ శక్తి కలదు. అభిజ్ఞాన శాకుంతలము పంచమాంకమున హంసపదిక పాట వినబడగా దుష్యంతుడు కారణమెరుగని కలతకు లోనగును. దుర్వాసుని శాపముచేత శకుంతలనే మరచిన రాజు హృదయమును ఒక పాట తాకగలిగెను. బుద్ధి మరచినను ఇంద్రియములు మరువవని కాళిదాసు సూచన కాబోలు.

నేటి విజ్ఞానశాస్త్రము దీనిని మరియొక మార్గమున చెప్పుచున్నది. ఎండిన నేలపై నీరు పడినప్పుడు పుట్టు వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బేర్, థామస్ అనువారు 'పెట్రికోర్' అని పేరు పెట్టిరి. మట్టిలోని సూక్ష్మజీవులు పుట్టించు జియోస్మిన్ అను పదార్థము ఆ వాసనలో ముఖ్యమైనది. వాసనలను గుర్తించు గ్రాహకముల జన్యువులను 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 2004లో నోబెల్ బహుమానము పొందిరి. చూపును వినికిడియు మెదడులో థాలమస్ అను కూడలి దాటి పోవలెను. వాసన ఆ కూడలితో పనిలేకయే భావోద్రేకమునకును జ్ఞాపకమునకును నెలవైన భాగములను చేరును. అందుచేతనే అది తెచ్చు జ్ఞాపకము అంత హఠాత్తుగా, అంత ఆర్ద్రముగా ఉండును.

అయితే ముద్రలన్నియు సమానమైన లోతు గలవి కావు. అద్భుతరసమునకు విస్మయము స్థాయిభావమని భరతుడు చెప్పెను. బాలునకు ప్రతి వస్తువును తొలిసారి చూచునదే గాన విస్మయము వానికి సహజము. విస్మయముతో చూచినది లోతుగా నాటుకొనును. మన్ను తిన్న కృష్ణుని నోట బ్రహ్మాండమును చూచి యశోద విస్మయపడిన ఘట్టము పోతనగారి భాగవతమున అందరును విన్నదే. ప్రతి బాలుడును లోకమును మొదట చేతితో, ముక్కుతో, నాలుకతోనే తెలిసికొనును.

ఇచ్చట పెద్దలు ఆలోచింపవలసినది ఒకటి కలదు. ధాన్యము పోయని గాదెను ఎంత దులిపినను గింజ రాలదు. సెల్‌ఫోనులో వాన కనబడును, వినబడును. వాసన రాదు, చేయి తడియదు. వానలోనికి పోనీయని బిడ్డకు ముప్పది యేండ్ల తరువాత తొలకరి దేనిని మేల్కొలుపును?

గ్రంథాలయమునకును ఇందు బాధ్యత కలదు. పుస్తకములు ముట్టవద్దని పిల్లలను అదలింపక పుటలు త్రిప్పనిండు, కాగితపు వాసన చూడనిండు. వారమునకొక సాయంకాలము పెద్దలలో నొకరు వారిని చుట్టును కూర్చుండబెట్టుకొని కథ చదివి వినిపించినచో, ఆ కంఠస్వరము వారికి జీవితాంతము తోడుండును. ఇరువదియైదేండ్లకు జరుగబోవు స్వర్ణోత్సవ సభలో కూర్చుండువారు ఈ బిడ్డలే. నాడు వారికి జ్ఞాపకము రాదగినదేదో నేడు పెద్దల చేతిలో నున్నది.