టీకా తర్వాత కన్ను ఎర్రబడితే

టీకా వేయించుకున్నాక చెయ్యి నొప్పి పుట్టడం, ఒళ్లు వెచ్చబడడం మామూలే. కంటి లోపల వాపు రావడం మాత్రం చాలా అరుదు.

కంటిగుడ్డు మధ్య పొరను యువియా అంటారు. దానికి వాపు వస్తే యువైటిస్. హెపటైటిస్ బి, హెచ్‌పీవీ, కోవిడ్ టీకాల తర్వాత కొద్దిమందిలో ఇది కనబడినట్టు వైద్యులు నమోదు చేశారు. టీకా వల్లే వచ్చిందా, ఆ సమయానికి కలిసి వచ్చిందా అన్నది తేల్చడం కష్టం. టీకా ఊసే లేనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది.

కళ్లకలక అనుకుని ఊరుకుంటారేమోనన్నదే నా భయం. కళ్లకలకలో పుసి కడుతుంది, రెప్పలు అంటుకుంటాయి. యువైటిస్‌లో సాధారణంగా పుసి ఉండదు. కన్ను ఎర్రబడి లోపల సలుపుతుంది, చూపు మసకబారుతుంది, వెలుతురు చూడలేరు. అవును, వెలుతురు చూడలేరు. అలా ఉంటే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. టీకా ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి.

మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవద్దు. కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు. అవే చుక్కలు డాక్టరు పర్యవేక్షణలో వాడితే చాలామందికి యువైటిస్ తగ్గిపోతుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులారా, హెచ్‌పీవీ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి కాపాడుతుంది. కంటికి వాపు వస్తుందేమోనన్న భయంతో ఆ టీకాను మానెయ్యకండి. కంటి వాపు వచ్చినవాళ్లు తర్వాతి డోసుకు ముందు డాక్టరును అడగండి.