మన కూలి మనం వేసుకుందాం

(మండల కేంద్రంలో జరిగిన మహిళా సంఘాల సమావేశంలో ఒక టీచర్ చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో జంతికలు వండి అమ్ముకోవడం గురించి ఉద్యమ సభలో మాట్లాడతారా అని కొందరు నవ్వొచ్చు. నవ్వనివ్వండి. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను చంపారు. అంతకుముందు ఏం చేశారు? వెలి వేశారు. మన పొయ్యి వాళ్ళ చేతిలో ఉన్నంతకాలం మన నోరూ వాళ్ళ చేతిలోనే ఉంటుంది. అందుకే ఈ మాట.

బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలో చదివొచ్చి, బొంబాయిలో పెట్టుబడులు పెట్టేవాళ్ళకు సలహాలిచ్చే చిన్న వ్యాపారం పెట్టారు. అంటరానివాడని తెలియగానే వచ్చేవాళ్ళు రావడం మానేశారు. అది మూతబడింది. అంత చదువుకే ఆ గతి పడితే మన చేతి జంతికల సంగతి వేరే చెప్పాలా? కాబట్టి మనకు రెండు పోరాటాలు. ఒకటి లెక్కతో, రెండోది కులంతో.

ముందు లెక్క చూద్దాం. అయిదు కిలోల జంతికలకు పిండి, నూనె కలిపి 600 అయిందనుకోండి. గ్యాసు 60, కవర్లు 40, ఆటో 50. మొత్తం 750 రూపాయలు. కిలో 160 చొప్పున అమ్మితే 800 వచ్చింది. యాభై మిగిలిందని సంబరపడతాం. మరి అత్తాకోడళ్ళిద్దరూ నాలుగేసి గంటలు పొయ్యి ముందు కూర్చున్నారే, ఆ కూలేదీ? గంటకు 50 వేసినా 400. అంటే ఖర్చు 1,150. కిలోకు 230 పడింది. మీకు యాభై మిగల్లేదు, 350 పోయింది! దొర పొలంలో కూలి లేకుండా చేస్తే వెట్టి అన్నాం, దానిమీద కొట్లాడాం. మన వంటింట్లో మనమే వెట్టి చేస్తే దాన్నేమనాలి? కిలో 250కి అమ్మితేనే విరిగిపోయినదానికి, అమ్ముడుపోనిదానికి వంద మిగులుతుంది. ఆ ధర బజారు ఇవ్వదంటే నలుగురు కలిసి పిండీ నూనే టోకున కొనండి. ఖర్చు తగ్గించండి గానీ కూలి తగ్గించుకోవద్దు.

రెండో మాట. వ్యాపారం డబ్బుకు వేరే డబ్బా పెట్టండి. ఇంటి ఖర్చు అందులోంచి తీయొద్దు. మీ కూలి మాత్రం రోజూ తీసుకోండి, అది మీది. అన్నలారా, కోపం తెచ్చుకోకండి. సాయంత్రం ఆ డబ్బాలో చెయ్యిపెట్టి బెల్టుషాపు దారి పట్టేవాడు ఆ వ్యాపారాన్ని ముంచినట్టే. రోజూ నోటుబుక్కులో మూడు గీతలు గీయండి: వచ్చింది, పోయింది, అరువు. రాయడం రాకపోతే బడికెళ్ళే పిల్లచేత రాయించండి. దానికీ లెక్కలు వస్తాయి.

అరువు పూర్తిగా వద్దంటే పల్లెలో కుదరదు. హద్దు పెట్టుకోండి. పాత బాకీ తీరాకే కొత్త అరువు. చుట్టమైనా, సంఘం నాయకుడైనా అంతే.

కాగితాల సంగతి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా కట్టనక్కర్లేదు. దళారీకి ఇవ్వకండి. తినే సరుకు అమ్మేవాళ్ళు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ప్యాకెట్ మీద ఆ నంబరు, బరువు, చేసిన తేదీ ఉండాలి. ముద్ర పథకంలో శిశు రుణం 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. బ్యాంకువాళ్ళు తిప్పితే ఒక్కరే పోకండి, పదిమంది కలిసి పోండి.

ఇక కులం. 'ఊరి పేరు రాయకండి, వాడ పేరు చెప్పకండి, అప్పుడు కొంటారు' అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. దాచుకుని అమ్మితే సరుకు అమ్ముడుపోవచ్చు. కానీ తెలిసిననాడు ఏమవుతుందోనని రోజూ భయపడుతూ బతకాలి. మన పేరుతోనే అమ్ముదాం. ఎవరో ఒకరు కొనకపోతే అది వాళ్ళిష్టం. ఊరంతా కట్టుబడి మన దగ్గర కొనొద్దని శాసిస్తే మాత్రం అది ఆర్థిక వెలి. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం అది నేరం. ఎవరు, ఏరోజు, ఎవరి ముందు అన్నారో అదే నోటుబుక్కులో రాసి పెట్టండి. రేపు అదీ సాక్ష్యమే.

జంతికలు అమ్మితే భూమి వస్తుందని నేననడం లేదు. భూమి అడుగుదాం, కూలి రేట్లు అడుగుదాం, రిజర్వేషన్లు కాపాడుకుందాం. మన పిల్లల హాస్టళ్ళకు మన సంఘాల సరుకే కొనాలని అడుగుదాం. అడిగేటప్పుడు మన పొయ్యి ఆరిపోకుండా ఉండాలి. అంతే.

రేపు పొయ్యి వెలిగించేముందు నోటుబుక్కు తెరవండి. మొదటి గీతలో మీ కూలి రాయండి.

జై భీమ్!