రూము వైఫై పాస్‌వర్డు, ఊళ్ళో మోటారు

రుసైల్ నుంచి మాట్లాడుతున్నా. ఊళ్ళో పెట్టిన బోర్డుకు ఇక్కడి నుంచి కొత్త ప్రోగ్రాం పంపితే, అది ఆగిపోతే ఎట్ల అని చాలామంది అడిగారు. నాకు ఆగింది. అదే చెప్తా.

మా ఊరు జగిత్యాల దగ్గర. బాపు రాత్రిపూట టార్చి పట్టుకొని పొలానికి పోవద్దని, బాయికాడ మోటారు స్టార్టర్‌కు ఈఎస్పీ32 బోర్డు కట్టి, సిమ్ రౌటర్‌తో నెట్ ఇచ్చిన. ఒక శుక్రవారం రూములో ఇంకో బోర్డు మీద కొత్త ప్రోగ్రాం చూసుకొని, అదే ఊరికి పంపిన. అందులో ఉన్నది మా రూము వైఫై పాస్‌వర్డు! అక్కడి బోర్డు లేచి, ఆ వైఫై కోసం వెతుక్కుంటూ కూర్చుంది. ఇక్కడ తొమ్మిది, అక్కడ పదిన్నర. బాపు టార్చి తీసుకొని బయల్దేరిండు.

బాధ ఏంటంటే, పాత ప్రోగ్రాం చెరిగిపోలేదు. 4 ఎంబీ ఫ్లాష్‌లో లెక్క ఇది: 4 కేబీ దగ్గర బూట్‌లోడర్, 32 కేబీ దగ్గర ఏది ఎక్కడుందో చెప్పే పార్టిషన్ టేబుల్, దాని వెనకే సెట్టింగులు దాచుకునే ఎన్‌వీఎస్. 64 కేబీ నుంచి ప్రోగ్రాములకు రెండు జాగాలు, నా లేఅవుట్‌లో ఒక్కోటి 1.25 ఎంబీ. కొత్తది ఒకదాంట్లోకి వస్తది, పాతది రెండోదాంట్లో అట్లనే ఉంటది. ఓటీఏ డేటా అనే 8 కేబీ ముక్కలో ఈసారి దేన్ని లేపాలో రాసి ఉంటది. బూట్‌లోడర్ అది చదివి లేపుతది, అంతే. పాతదాన్ని లేపమని చెప్పేటోడు లేడు.

నాలుగు నెలలకు లీవు మీద పోయి, రోల్‌బ్యాక్ ఆన్ చేసిన బూట్‌లోడర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ఎక్కించిన. ఇప్పుడు కొత్త ప్రోగ్రాం "నేను బాగున్నా" అని చెప్పకముందే బోర్డు రీస్టార్ట్ అయితే, బూట్‌లోడర్ పాతదానికే పోతది. ఆ మాట మొదటి లైన్లోనే చెప్పిస్తే దండగ. సర్వర్ దొరికాకే చెప్పాలి. ఐదు నిమిషాల్లో దొరకకపోతే ప్రోగ్రామే బోర్డును రీస్టార్ట్ చెయ్యాలి, ఊరికే హ్యాంగ్ అయి కూర్చుంటే బూట్‌లోడర్ ఏం చెయ్యలేదు. పాస్‌వర్డును ఎన్‌వీఎస్‌లోకి మార్చిన, ప్రోగ్రాం అప్‌డేట్ దాన్ని ముట్టదు.

బూట్‌లోడర్‌ను, పార్టిషన్ టేబుల్‌ను మాత్రం ఇక్కడి నుంచి మార్చబోకండి. రాస్తుండగా కరెంటు పోతే బోర్డు ఇక లేవదు. మన ఊళ్ళ కరెంటు సంగతి తెలిసిందే కదా. ఆ పని లీవులో, ఇంటికాడ ఉన్నప్పుడే.

వచ్చినంక ఒకరోజు కావాలనే సర్వర్ అడ్రస్ తప్పు పెట్టి పంపిన. ఐదు నిమిషాలు దాటాక పాతదే లేచి పలికింది. బాపుకు చెప్పలేదు.