ఒరిగిన మేడకు ఊతం పెట్టినవాడి లెక్క

ఈ రోజు న్యాయశాస్త్ర పట్టా అందుకుంటున్న మీ అందరికీ నా అభినందనలు.

రేపటి నుంచి మీ బల్ల మీదికి వచ్చే ఫైళ్లలో స్థలాల తగాదాలు చాలానే ఉంటాయి. "స్థలం ఆయనదే కావచ్చు, ఇల్లు కట్టుకున్నది నేను కదండీ" అంటాడు మీ కక్షిదారు. "కట్టమని నిన్నెవరు అడిగారు?" అంటాడు అవతలివాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఈ చిక్కుముడిని రోమన్ న్యాయవేత్తలు ఎంత ఓపిగ్గా విప్పారో, ఇవాళ ఆ ఒక్క సంగతే మాట్లాడతాను.

ఆస్తి మీద పెట్టే ఖర్చును వాళ్లు మూడు రకాలు చేశారు. పెట్టకపోతే ఆస్తి నాశనమయ్యేదో, పాడయ్యేదో అయితే అది అవసరపు ఖర్చు. పెట్టకపోయినా నష్టం లేదుగానీ పెడితే రాబడి పెరిగేది లాభసాటి ఖర్చు. రాబడి పెంచకుండా కంటికి అందం మాత్రం తెచ్చేది ముచ్చట ఖర్చు: నీళ్లు చిమ్మే ఫౌంటెన్లు, గోడల మీద బొమ్మలు, అలాంటివి. పరీక్షలో ఇంత రాస్తే మార్కులు పడతాయి. కోర్టులో ఇది సరిపోదు.

ఈ విభజన బాగా నలిగింది కట్నం తగాదాల్లో. రోమ్‌లో భార్య తెచ్చిన కట్నాన్ని కాపురం సాగినంత కాలం భర్తే చూసుకునేవాడు, దాని రాబడీ అతనిదే. విడిపోతే తిరిగి అప్పజెప్పాలి. అప్పుడు బయటికొచ్చేది ఖర్చుల చిట్టా. పొలానికి పన్నులు కట్టాను, ఆ డబ్బు ఇవ్వమని భర్త అడిగితే కుదరదన్నాడు రోమన్ న్యాయవేత్త పౌలుస్. పంట తిన్నవాడే పన్నూ కట్టుకోవాలి. మరి అవసరపు ఖర్చని దేన్ని అనాలి? దానికి ఆయన చెప్పిన గీటురాయి ఇది. భర్త ఆ పని చెయ్యకుండా వదిలేసి ఉంటే, న్యాయమూర్తి అతనిచేత భార్యకు పరిహారం కట్టించేవాడా? కట్టించేవాడైతే అది అవసరపు ఖర్చే. చెయ్యకపోతే తప్పు పట్టే పనికి, చేసినప్పుడు డబ్బు ఇవ్వనంటే ఎలా?

ఆయనే ఒక ఉదాహరణ చెప్పాడు. అద్దెకిచ్చే మేడ ఒకటి ఒరిగిపోతోంది. భర్త ఊతాలు పెట్టించాడు. తర్వాత నిప్పంటుకుని మేడంతా కాలిపోయింది. అతను పెట్టిన ఖర్చుకు గుర్తుగా భార్య చేతికి ఏమీ మిగల్లేదు. అయినా ఆ డబ్బు అతనికి రావాల్సిందేనన్నాడు పౌలుస్. పెట్టిన రోజున ఆ ఖర్చు అవసరమా అన్నదే ప్రశ్న, తర్వాత మేడ ఏమైందన్నది వేరే సంగతి. ఇక అతను ఊతాలు పెట్టకుండానే మేడ కాలిపోయి ఉంటే? అప్పుడు అతను భార్యకు కట్టాల్సిందీ ఏమీ లేదు. పోగొట్టింది మంట, అతని అశ్రద్ధ కాదు. రెండు వైపులా తూకం ఎంత కచ్చితంగా ఉందో చూడండి.

లాభసాటి ఖర్చు దగ్గర పౌలుస్ మనసు ఇంకో వైపు మొగ్గింది. భార్య ఒప్పుకున్న ఖర్చునే కట్నంలోంచి తగ్గించుకోవాలని కొందరు అన్నారు. అది ఎంతో న్యాయమైన మాట అన్నాడాయన. చేతిలో డబ్బు లేని మనిషి, తన పొలానికి జరిగిన మేలుకు బాకీ తీర్చడానికి ఆ పొలాన్నే అమ్ముకోవాలా? మేలు చేశామంటూ ఎదుటివాళ్ల ఆస్తికి ఎసరు పెట్టేవాళ్లు మీకు కనబడతారు. అప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

ముచ్చట ఖర్చుకు మరో రోమన్ న్యాయవేత్త ఉల్పియన్ చెప్పిన దారి సులువు. ఆ అలంకారం భార్యకు కావాలంటే డబ్బివ్వాలి, వద్దంటే భర్తను పట్టుకుపోనివ్వాలి, ఊడదీయడానికి వీల్లేనిదైతే అతను వదులుకోవాలి. అయితే అదే అలంకారం అమ్మకానికి పెట్టిన వస్తువు మీద చేయిస్తే లాభసాటి ఖర్చేనన్నాడు పౌలుస్.

ఈ అభిప్రాయాలు మనదాకా వచ్చాయంటే క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన 50 పుస్తకాల న్యాయ సంకలనం, డైజెస్ట్ చలవే. ఫిలిప్పీన్స్ సివిల్ కోడ్‌లో ఈ మూడు రకాలూ ఇప్పటికీ ఉన్నాయి. మన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 51వ సెక్షన్ ఈ పేర్లు ఎత్తదుగానీ, స్థలం తన పేరుకు బదిలీ అయి, అది తనదేనని నిజాయితీగా నమ్మి బాగు చేసుకున్న మనిషిని వట్టి చేతులతో ఖాళీ చేయించనివ్వదు. ఖాళీ చేయించేవాడు మెరుగు చేసిన దాని విలువైనా కట్టాలి, లేదా ఆ మెరుగు విలువ కలపకుండా మార్కెట్ ధరకు అతనికే అమ్మాలి.

మళ్లీ రోమన్ న్యాయవేత్తల దగ్గరికి వస్తే, వాళ్లలో ఇంతకన్నా లోతుకు వెళ్లినవాడు సెల్సుస్. క్రీ.శ. 129లో రెండోసారి కాన్సుల్ అయినవాడు. తెలియక ఇంకొకరి పొలం కొన్నావు, ఇల్లు కట్టావు, మొక్కలు నాటావు, అసలు యజమాని దావా గెలిచాడు. ఇప్పుడెలా? మంచి న్యాయమూర్తి మనుషుల్నీ పరిస్థితుల్నీ బట్టి తీర్పు మారుస్తాడన్నాడు సెల్సుస్. యజమాని కూడా ఆ ఇల్లు కట్టేవాడే అయితే, అయిన ఖర్చు, పెరిగిన విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది ఇచ్చి పొలం తీసుకోవాలి. అతను పేదవాడై, ఆ డబ్బు కట్టాలంటే ఇలవేల్పుల్నీ తాతముత్తాతల సమాధుల్నీ వదులుకోవాల్సి వస్తే, కట్టమని బలవంతం చెయ్యకూడదు. పొలం మొదటికన్నా పాడవకుండా నువ్వు తీసుకుపోగలిగింది తీసుకుపో. అలాగని నీకు పైసా రాకపోయినా, అతనికి దక్కకూడదన్న కక్షతో గోడల పూతా బొమ్మలూ గీకేస్తానంటే ఒప్పుకోరు.

అందుకే దావా రాసేముందు మీ కక్షిదారునే కాక, అవతలివాడి బతుకునూ విచారించండి. అతను ఆ స్థలంలో ఉంటాడా, చేతికి రాగానే అమ్మేస్తాడా? సెల్సుస్ ఆ ప్రశ్న కూడా వదల్లేదు. అమ్మేసే మనిషైతే, కట్టినవాడికి రావాల్సింది అతను ఇవ్వాలి, ఇవ్వకపోతే ఆ మొత్తం మినహాయించే తీర్పు చెప్పాలన్నాడు.