వినేటోళ్ళు వేరు, వసూలుకు పోయేటోళ్ళు వేరు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో సామాజిక కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



పొద్దటి నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, స్త్రీనిధి లెక్కలు విన్నరు. మేము చెప్పేదాంట్ల లెక్కలు తక్కువ. మనసు బాగలేనోళ్ళకు తోడుండే పని గురించి, ఆ పని జీతం లేకుండ ఎవరు నడపాలె అనేదాని గురించి చెప్పి, ఒక తీర్మానం మీ ముందర పెడతం. తీర్మానం కొందరికి నచ్చకపోవచ్చు. అందుకే ముందు కొంచెం ఓపికతో వినుమని అడుగుతున్నం.

డాక్టర్లు డిప్రెషన్ అంటరు. మన దిక్కు రంది అంటం. గుండె దడదడ కొట్టుకుంట నిద్ర పట్టకపోతే బుగులు అంటం. మాట మనకు ఎప్పటి నుంచో ఉన్నది, అంటే బాధ కూడా ఎప్పటి నుంచో ఉన్నట్టే. కాని జరమొస్తే దవాఖానకు తీస్కపోతం, రంది పడితే "ఊకె ఆలోచించకు" అని చెప్పి లేచొస్తం. ఆలోచించకు అంటే ఆగేదైతే ఆమె ఎప్పుడో ఆపుకునేది.

గోదావరికి ఇవతల కరీంనగర్, జగిత్యాల దిక్కు చూస్తే, భర్త దుబాయిల, మస్కట్ల ఉంటడు. ఇంట్ల బీడీలు చుట్టుకుంట, అత్తమామలను, పిల్లలను ఒక్కతే చూసుకుంటది. ఏజెంటుకు కట్టిన అప్పు ఆమె తల మీదనే. అవతల ఆదిలాబాద్ దిక్కు పత్తి. వాన ముందు పడ్డా అప్పే, వెనుక పడ్డా అప్పే. సిరిసిల్లల మరమగ్గాల కార్మికులు వరుసగా పాణాలు తీసుకున్న రోజులు మనమందరం చూసినయే. పోయినోళ్ళ గురించి పేపర్ల వస్తది. ఉన్న భార్య ఎట్ల బతుకుతున్నదో అడగటానికి మాత్రం ఎవరూ రారు.

ఇంకో మాట. మన దిక్కు మనిషి వేరే తీరుగ మాట్లాడితే భానామతి అంటరు, ఎవరో చేసిండ్రంటరు. ఆ అనుమానంతోటి ఒంటరి ముసలోళ్ళను కొట్టిన ఊర్లు కూడ ఉన్నయి. ఇది మనం నోరిప్పి ఆపవలసిన పని. కొండగట్టు సంగతి వేరు. అంజన్న గుడికాడ మనసు బాగలేనోళ్ళను ఉంచి మొక్కు తీర్చుకునుడు పాత ఆచారం, అక్కడ వాళ్ళను ఎవరూ ఎగతాళి చెయ్యరు. దాని మీద మాకు కోపం లేదు. మేము ఇంటింటికి పోయి చెప్పేది ఒక్కటే: మొక్కు ఆపకుండ్రి, మందు కూడా ఆపకుండ్రి.

ఇప్పుడు అసలు సంగతికొస్తం. చదువుకున్న డాక్టర్లు చెయ్యవలసిన పని మన పదో తరగతి ఆడోళ్ళు ఎట్ల చేస్తరు అని కిందటి మీటింగుల ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. దానికి జవాబు మేము శిక్షణల విన్నది, చదివింది చెప్తం.

లండన్ల చాద్ వారా అని ఒక చర్చి ఫాదర్ ఉండె. 1935ల ఆయన మొదటిసారి అంత్యక్రియలు చేసింది ఒక పద్నాలుగేండ్ల పిల్లకు. ఆ పిల్ల పెద్దమనిషైంది. అదేందో ఆమెకు ఎవరూ చెప్పలే. పెద్ద రోగమొచ్చిందనుకొని పాణం తీసుకున్నది. ఒక్క తల్లి, ఒక్క అక్క పక్కన కూసోని మాట చెప్తే ఆ పిల్ల బతికేది. అక్కలారా, ఇది మనకు తెలవని కథనా? ఆయన ఆ సంగతి మర్చిపోలే. 1953ల చర్చిల ఒక ఫోను పెట్టి, చావాలనిపించినోళ్ళు నాకు చెప్పుకోండ్రి అన్నడు. మంది వచ్చిండ్రు. ఆయన ఒక్కడు, వచ్చేటోళ్ళు ఎక్కువ. బయట బెంచి మీద ఎదురు చూసేటోళ్ళకు చాయ పోసి ఇద్దామని కొందరు మామూలు మనుషులు వచ్చిండ్రు. చాయ తాగుకుంట వాళ్ళతోనే మాట్లాడి, ఫాదర్‌ను కలవకుండనే మనసు తేలికపడి ఇంటికి పోయినోళ్ళు ఎక్కువైండ్రు. ఆయన అది చూసి, కొద్ది నెలలకే 1954ల, వినే పని ఆ చాయ పోసేటోళ్ళకే అప్పజెప్పిండు. అదే సమారిటన్స్ అనే సంస్థ. ఆ బాటలనే మన హైదరాబాదుల రోష్నీ అనే సంస్థ 1997 నుంచి నడుస్తున్నది. ఫోను ఎత్తేటోళ్ళు వాలంటీర్లు, జీతం లేని మనుషులు. శిక్షణ తీసుకుంటరు, వింటరు, విన్నది బయట పెట్టరు.

ఇంకొక ముచ్చట ఆఫ్రికాది. జింబాబ్వే దేశంల డిక్సన్ చిబాండా అనే మానసిక డాక్టరు దగ్గరికి రావలసిన ఒక యువతి బస్సు కిరాయి లేక రాలేకపోయింది, తర్వాత పాణం తీసుకున్నది. ఆయనకు నిద్ర పట్టలే. రోగి నా దగ్గరికి రాలేకపోతే నేనే వాళ్ళ దగ్గరికి పోవాలె అనుకున్నడు. కాని ఆ దేశంల మానసిక డాక్టర్లను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2006ల పద్నాలుగు మంది ముసలవ్వలకు శిక్షణ ఇచ్చి, దవాఖాన బయట చెట్ల కింద బల్లల మీద కూసోబెట్టిండు. ఆ అవ్వలు డిప్రెషన్ అనే మాటనే వాడరు. వాళ్ళ భాషల "ఎక్కువ ఆలోచించుడు" అని అర్థమొచ్చే మాట వాడతరు. అంటే మన రందే! మాకు ఇది విన్నప్పుడు నవ్వొచ్చింది, ధైర్యం కూడా వచ్చింది.

బస్సు కిరాయి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నం. ఒకప్పుడు పెద్ద జబ్బంటే ఎర్రగడ్డే. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దగ్గర దగ్గర మూడొందల కిలోమీటర్లు. ఇప్పుడు ఆదిలాబాద్ రిమ్స్‌ల, కరీంనగర్ పెద్దాసుపత్రిల కూడా మానసిక వైద్యులు చూస్తరు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడోళ్ళకు బస్సు ఫ్రీ అయ్యింది. మంచిదే. కాని మగ పేషెంటుకు టికెట్ కావాలె, పగటికి అన్నం కావాలె, నెల నెల పోవాలె, పోయిననాడు కూలి పోతది. మందులు మధ్యల ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడనే. మొదటిసారి అందరం కలిసి తోల్కపోతం. నాలుగోసారి ఎవరు పోతరు? నడిపించే నాయకురాలి పని ఆ నాలుగోసారి మొదలైతది.

మన దగ్గర జరిగిన పని కూడా చెప్పాలె. రైతుల కోసం కిసాన్ మిత్ర అనే హెల్ప్‌లైన్ 2017ల వికారాబాద్ జిల్లాల మొదలై, తర్వాత మన ఆదిలాబాద్, మంచిర్యాల జిల్లాలకు వచ్చింది. స్వచ్ఛంద సంస్థలు, జిల్లా యంత్రాంగం కలిసి నడిపినయి. దాంట్ల మాకు నచ్చింది ఏందంటే, ఫోన్ల ధైర్యం చెప్పి ఊకోలే. పాస్‌బుక్ రాలేదంటే తహసీల్ ఆఫీసుకు, లోన్ సంగతైతే బ్యాంకుకు వెంట తిరిగిండ్రు. రంది మనసులనే పుట్టదు, కాయితాల్ల కూడా పుడతది. మన మహిళా సంఘాలకు ఆఫీసులు తిరిగే అలవాటు ఇరవై ఏండ్ల నుంచి ఉన్నది. ఈ పనికి మనకంటే తగినోళ్ళు ఎవరున్నరు?

ఉన్నరు, కాని ఒక చిక్కు ఉన్నది. ఇప్పుడు చెప్పబోయేదే మా తీర్మానం.

2010ల ప్రైవేటు మైక్రోఫైనాన్స్ అప్పుల సంగతి మీకు యాదికున్నది. వారం వారం కిస్తు, కట్టకపోతే ఇంటి ముందర కూసునుడు, తోటి సభ్యులతోనే తిట్టించుడు. ఎందరో ఆడోళ్ళు పాణాలు తీసుకున్నరు. ఆ ఏడు అక్టోబరుల అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కిస్తులు ఇంటికాడ కాదు, గ్రామ పంచాయతీ అసొంటి బహిరంగ జాగలనే కట్టించుకోవాలె అని దాంట్ల పెట్టిండ్రు. చట్టం రాసినోళ్ళకు కూడా తెలిసింది, అప్పు పెద్దదా చిన్నదా అన్నదానికంటే గడపల కూసున్న మనిషి బరువు ఎక్కువని.

మన సమాఖ్య అప్పు అసొంటిది కాదు. కాని కిస్తు కిస్తే. వసూలు తగ్గితే ఓబీలు ఇంటికి పోయి అడుగుతరు. అది వాళ్ళ బాధ్యత, వాళ్ళను తప్పు పట్టం. మేము అడిగేది వేరే. మూడు కిస్తులు తప్పిన చెల్లెకు రాత్రి నిద్ర పడతలేదు. పొద్దున కిస్తు అడిగినామెనే పగటిపూట వచ్చి "నీ బాధ చెప్పుకో బిడ్డా" అంటే ఆమె చెప్తదా? చెప్పదు. చెప్పినా అప్పు సంగతి దాచి చెప్తది. అసలు బాధ ఆ అప్పే. అందుకే వినే అక్కలు వేరే ఉండాలె. వసూలు కమిటీల ఉన్నోళ్ళు, ఓబీలు, బుక్‌కీపర్లు ఈ పనిల ఉండొద్దు. ఓబీ అంటే పెద్ద మనిషి, ఆమె లేకుండ ఎట్ల అని కొందరు అన్నరు. పెద్ద మనిషి కాబట్టే వద్దంటున్నం.

రెండోది, పుస్తకం. మన సంఘాలల్ల ఏ మాటైనా మినిట్స్ పుస్తకంల ఎక్కాలె, సంతకాలు కావాలె. మనకు అది మంచి అలవాటు, దాంతోనే బ్యాంకు నమ్మింది. కాని ఈ పనికి అది పనికిరాదు. నెలల ఎంతమందిని కలిసినం, ఎంతమందిని దవాఖానకు తోల్కపోయినం, బస్సుకు, అన్నానికి ఎంత ఖర్చైంది, ఇవి రాద్దం. ఎవరి పేరూ రాయొద్దు. ఒక్క పేరు బయటపడితే ఆ ఊర్ల మళ్ళ ఎవరూ నోరిప్పరు. పాణం పోయేటంత అపాయం కనిపించినప్పుడు మాత్రం ఇంట్ల నమ్మకమైన ఒక్కరికి చెప్పాలె, అది కూడా ఆమెకు చెప్పే చెయ్యాలె.

వినే అక్కలు ఇద్దరిద్దరు ఉండాలె. ఒక్కతే మోస్తే ఆమెకే రంది పడతది, ఇది ఉత్త మాట కాదు. నెలకొకసారి వాళ్ళంత కలిసి ఏఎన్‌ఎమ్మో, డాక్టరో ఉండంగ తమ మనసుల బరువు దించుకోవాలె. రెండేండ్లకు మార్చాలె. మంచిగ చేస్తున్నది కదా, ఉండనియ్యండి అంటరు. అట్ల అంటే ఆ మనిషి పోయిననాడు పని కూడా పోతది.

వాళ్ళు చెయ్యకూడనివి కూడా ఉన్నయి. మందు చెప్పొద్దు. డాక్టరు రాసిన మందు ఆపుమని అసలే చెప్పొద్దు. కల్లు తాగేటోళ్ళను ఒక్కసారే బంద్ పెట్టించొద్దు. 2015ల కల్తీ కల్లు ఒక్కసారి ఆగితే నిజామాబాద్ దిక్కు దవాఖానలు వణికేటోళ్ళతోటి, పొల్లు మాటలు మాట్లాడేటోళ్ళతోటి నిండిపోయినయి. కల్తీ కల్లుల మత్తు మందులు కలుపుతరు, అది డాక్టరు దగ్గర మెల్లగ మానిపించేది. ఇక చావాలనిపిస్తున్నదా అని అడగటానికి భయపడొద్దు. అడిగితే లేని ఆలోచన పుడతదనేది అబద్ధం. అడిగితే ఉన్న బరువు దిగుతది. ఇంట్ల పురుగుల మందు డబ్బాలుంటే తీయించి, తాళం పెట్టే జాగల పెట్టించాలె. తమిళనాడుల స్నేహ అనే సంస్థ పల్లెల్ల రైతుల మందు డబ్బాలకు అందరికీ కలిపి తాళం పెట్టెలు పెట్టించి చూసింది, పాణాలు నిలబడ్డయి. గడ్డిమందు పారాక్వాట్‌కు విరుగుడే లేదు, దాని విషయంల ఇంకా జాగ్రత్త.

పోలీసు కేసు భయం కూడా చాలామందికి ఉన్నది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిల ఉన్నట్టే చూడాలె, శిక్షించొద్దు. పేదోళ్ళకు ప్రభుత్వ దవాఖానల మానసిక వైద్యం ఫ్రీగ అందాలని కూడా అదే చట్టంల ఉన్నది. కేసైతదని దవాఖానకు తీస్కపోకుండ దాచిపెట్టొద్దని ప్రతి సంఘంల చెప్పండ్రి. రాత్రైనా పగలైనా 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీమానస్ వాళ్ళు తెలుగుల మాట్లాడతరు, పైసలు పడయి. ఆ నంబరు ఇప్పుడే మీ ఫోన్ల ఎక్కించుకోండ్రి. చదువు రాని అక్కలకు పక్కనున్నోళ్ళు ఎక్కించి ఇయ్యండ్రి, మేము ఆగుతం.

ఖర్చు సంగతి చిన్నది. ప్రతి గ్రామైక్య సంఘం తన సామాజిక నిధిల నుంచి బస్సు టికెట్, పగటి అన్నం మట్టుకు పెట్టుకోవాలె. వినే అక్కలకు గౌరవ వేతనం ఇయ్యాల్నా అని కమిటీల చాలాసేపు కొట్లాడుకున్నం. ఇయ్యొద్దు అనే తేల్చినం, ఎందుకంటే పైసలొస్తే ఓబీలు తమోళ్ళను పెట్టుకుంటరు. అయితే కూలి పోగొట్టుకోని పేషెంటు వెంట పోయిననాడు ఆ రోజు కూలి ఇయ్యాలె. జీతం లేని పని అంటే ఉపాసం చేసే పని కాదు.

ప్రతి గ్రామైక్య సంఘం ఇద్దరి పేర్లు ఇయ్యాలె. భోజనాలైనంక మెట్ల కాడ బల్ల మీద మా కమిటీ అక్క రిజిస్టర్ పట్టుకోని కూసుంటది. పేరు రాపిచ్చేటప్పుడు ఆమె మీ ఊర్ల కిస్తులు వసూలు చేస్తదా అని అడుగుతం. చేస్తదంటే ఆ పేరు తీసుకోం, వేరే పేరు తెండ్రి.